ముగ్గురు పిల్లల సీటు

ఆత్మకథ అన్నాక ‘నేను’ అని మొదలుపెట్టడం మర్యాద. గ్వాటెమాలా కొండల్లో తిరిగే ఈ బస్సుకు అది కుదరదు. రెండు జన్మలెత్తింది, ఏ జన్మలోది ‘నేను’ అనుకోవాలో దానికే తేలలేదు. అందుకని ఎవరి సంగతో చెబుతున్నట్టు ‘ఈ బస్సు’ అనే చెప్పుకుంటుంది. పాఠకులు సర్దుకుపోవాలి.

మొదటి జన్మ అమెరికాలో, స్కూలు బస్సుగా. అప్పుడు ఒళ్లంతా పసుపు. ఆ పసుపు ఎవరికి తోచినట్టు వాళ్లు పూసింది కాదు. 1939లో న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంక్ సిర్ అనే ప్రొఫెసర్ విద్యాశాఖ అధికారులనూ బస్సుల తయారీదార్లనూ కూర్చోబెట్టి ఖాయం చేయించిన రంగు. పొద్దున్నే మసక వెలుతురులో కూడా దాని మీద నల్ల అక్షరాలు స్పష్టంగా కనబడతాయి. ఈ బస్సు ఆగి ఎర్ర దీపాలు వెలిగించిందంటే రోడ్డు మీద కార్లన్నీ ఆగాల్సిందే. అంత దర్జా వెలగబెట్టి, వయసు మీరాక వేలానికి వెళ్లింది. పాడుకున్నవాడు లోపల వాషింగ్ మెషీన్లు, పాత సైకిళ్లు కుక్కి, టెక్సాస్ దాటి మెక్సికో పొడవునా తోలుకొచ్చి, సుచియాతే నది దాటించి గ్వాటెమాలా చేర్చాడు. ఈ దారిన వచ్చిన బస్సులకు లెక్కలేదు. అలాంటి ఒక బస్సు ప్రయాణాన్ని మార్క్ కెండల్ 2012లో ‘లా కామియోనెటా’ అనే డాక్యుమెంటరీగా తీశాడు కూడా.

ఇక్కడి మెకానిక్కులు వచ్చినదాన్ని వచ్చినట్టు వాడుకోరు. కొండ మలుపుల్లో తిరగాలని వెనక భాగం కోసి పొట్టి చేశారు. గేర్లు మార్చారు. పైన సామాన్ల క్యారియర్, వెనక నిచ్చెన, ఎరుపూ నీలమూ రంగులు, నుదుటి మీద యజమాని కూతురి పేరు. సీట్లు మాత్రం అవే. ముగ్గురు చిన్నపిల్లల కోసం కొలిచిన సీట్లో ఇప్పుడు ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటారు. నడవకు అటు సీటు చివరి మనిషి, ఇటు సీటు చివరి మనిషి సగం గాల్లోనే ఉంటారు. నడవలో ఒకరి భుజానికి ఒకరి భుజం ఆనుకోవడమే వాళ్లకు ఆసరా.

అలాంటి ఈ బస్సును ఓ వారానికి కొండల మీది ఒక ఊరి చర్చి అద్దెకు మాట్లాడింది. అమెరికా నుంచి కాలేజీ పిల్లలు మిషన్ ట్రిప్పుకు వస్తున్నారు. తమాషా ఏమిటంటే, దోపిడీల భయంతో ఈ బస్సులు ఎక్కవద్దని అమెరికా ప్రభుత్వం తన పౌరులకు చెబుతూ ఉంటుంది. ఆ భయం ఉత్తది కాదు. మామూళ్లు కట్టలేదని గ్యాంగులు కాల్చి చంపిన డ్రైవర్లు ఈ దేశంలో ఎందరో. మనది అద్దె బండి కాబట్టి పర్వాలేదని జట్టు పెద్ద పిల్లలకు సర్దిచెప్పాడు.

లా అరోరా ఎయిర్‌పోర్టు బయట అందరూ ఒకే రంగు టీషర్టుల్లో నిలబడ్డారు. మనిషికో పెద్ద సూట్‌కేసు. సగం మందులు, సగం బొమ్మలు. క్లీనర్ ఆ పెట్టెల్ని ఒక్కొక్కటీ భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కుతుంటే నోళ్లు తెరిచి చూశారు. లోపలికొచ్చాక ఓ కుర్రాడి మోకాళ్లు ముందు సీటుకు గుద్దుకున్నాయి. రెక్సిన్ చిరిగిన చోట అంటించిన టేపు మీద చెయ్యి పెట్టి, తన చిన్నప్పటి బస్సులోనూ ఇదే సీటని పక్కవాళ్లకు చూపించాడు. వెనక ‘ఎమర్జెన్సీ డోర్’ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఇంకా చెరగలేదు.

మిక్స్కో, సాన్ లూకాస్, చిమల్తెనాంగో దాటి తెక్పాన్ వైపు ఎక్కేసరికి ఎత్తు 1,500 మీటర్ల నుంచి 2,300 మీటర్లయింది. పాటలు ఆగిపోయి తలనొప్పులు మొదలయ్యాయి. కుళాయి నీళ్లు తాగొద్దు, పళ్లు తోముకోడానికి కూడా సీసా నీళ్లే వాడండి, టాయిలెట్ పేపరు బుట్టలోనే వేయండి: దారి పొడవునా ఇవే పాఠాలు. దేవుడి మాట మర్నాటికి వాయిదా పడింది.

ఇక్కడివాళ్లకు మిషనరీలు కొత్త కాదు. 1882లోనే దేశాధ్యక్షుడు బారియోస్ పిలిపించగా జాన్ హిల్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు వచ్చాడు. 1976 ఫిబ్రవరి 4న భూకంపంలో సుమారు 23,000 మంది పోయాక సాయం పట్టుకుని వచ్చిన చర్చి బృందాలెన్నో. అందుకే ఊళ్లో ఎవరూ గుంపుగా ఎగబడలేదు. పిల్లలు మాత్రం బొమ్మల పెట్టె ఏదో ఇట్టే పసిగట్టారు.

వచ్చిన పని పొగ గొట్టం పొయ్యిలు కట్టడం. ఇక్కడి ఇళ్లలో మూడు రాళ్ల పొయ్యి గది మధ్యలోనే మండుతుంది. 2002లో సాన్ మార్కోస్ కొండల్లో కిర్క్ స్మిత్ బృందం ఐదు వందలకు పైగా ఇళ్లలో పరిశోధన మొదలుపెట్టి, సగం ఇళ్లకు గొట్టం పొయ్యిలు ఇచ్చింది. 2011లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితం అటూ ఇటూ కాకుండా ఉంది: మొత్తం న్యుమోనియా కేసులు అనుకున్నంత కచ్చితంగా తగ్గినట్టు తేలలేదు గానీ, తీవ్రమైనవి మూడో వంతు తగ్గాయి. కాబట్టి పని దండగ కాదు. ఎవరు చేయాలన్నదే తగాదా.

గుమ్మం ఎదుట ఆగి ఉన్న ఈ బస్సుకు అంతా కనబడింది. పిల్లలు వరసగా నిలబడి సిమెంటు ఇటుకలు అందించుకున్నారు, ఆయాసపడ్డారు, రెండు వరసలు పేర్చి ఫొటోలు దిగారు. మేస్త్రీ రసమట్టం పెట్టి చూశాడు. ఏమీ అనలేదు. వాళ్లు భోజనానికి వెళ్లగానే పై వరస ఊడదీసి మళ్లీ కట్టాడు. ఇంతలో ఇంటి అవ్వ వచ్చి, పొయ్యి పక్కన నిలబడి, అరచెయ్యి తన నడుం దగ్గర పెట్టి చూపించింది. రొట్టె తిప్పడానికి ఆ ఎత్తు చాలట. కొత్తగా పేర్చిన వరస కూడా పోయింది.

ఆ సాయంత్రం బస్సులోనే వాదన. 1968లో మెక్సికోలోని కుయెర్నవాకాలో, ఇలాంటి విద్యార్థి వలంటీర్ల సభలోనే, ఇవాన్ ఇలిచ్ అనే ఫాదరు చూడ్డానికి, చదువుకోడానికి రండి గానీ సాయం పేరుతో రావద్దని మొహం మీదే చెప్పాడని ఒకమ్మాయి లేవదీసింది. ఇంకొకడు హోండురాస్ లెక్క తీశాడు. 1998లో మిచ్ తుపాను తర్వాత కట్టిన ఇళ్ల మీద కర్ట్ వెర్ బీక్ చేసిన అధ్యయనం అది. ఇల్లు దాదాపు 2,000 డాలర్లది, కట్టడానికి వచ్చిన జట్టు ఖర్చేమో 30,000 దాకా. అలాగని టిక్కెట్ల డబ్బు మనం రాకపోతే ఇక్కడికి పంపేవాళ్లమా అని జట్టు పెద్ద అడిగాడు. ఆ ప్రశ్నా కొట్టిపారేసేది కాదు. డీజిలు డబ్బు ముందే చేతికందిన ఈ బస్సు ఎవరి పక్షమూ పట్టలేదు.

మర్నాడు సిమెంటు అయిపోయింది. జట్టు పెద్దతో, నలుగురు కుర్రాళ్లతో తెక్పాన్ వెళ్లి బస్తాలు వేసుకుని వస్తుంటే, సంతకు వచ్చి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు గంపలతో రోడ్డు మీద చెయ్యి ఎత్తారు. బయటివాళ్లను ఎక్కించకూడదు, ఇన్సూరెన్సు ఒప్పుకోదని జట్టు పెద్ద గాభరాపడ్డాడు. “రోజూ నా బండిలో పోయేవాళ్లే కదయ్యా, ఎండలో వదిలేసి ఎట్లా పోను?” అంటూ డ్రైవరు బ్రేకు తొక్కాడు. గంపలు పైకెళ్లాయి. టేపు సీటు కుర్రాడిని ఇద్దరు ఆడవాళ్లు నడవలోకి నెట్టుకుని కూర్చున్నారు. వాడు పడిపోతున్నానని అటువైపు మనిషి భుజాన్ని పట్టుకున్నాడు. ఆమె నవ్వి, గట్టిగా ఆనుకోమని చూపించింది. క్లీనర్ మాత్రం ఒక్కరి దగ్గరా ఛార్జీ వదల్లేదు. అలవాటున ఆ కుర్రాడినీ అడిగాడు, వాడూ జేబులోంచి తీసి ఇచ్చేశాడు.