ఏటా అధిక మాసమే!

2024 ఎన్నికల వేళ పిఠాపురం పేరు బళ్ళ నంబరు ప్లేట్లెక్కింది. పవన్ కల్యాణ్ గెలిచిన సంబరంలో ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అన్న స్టిక్కరు, పిఠాపురం ఎటువైపుంటుందో తెలియని ఊళ్ళలో కూడా స్కూటర్ల మీద తిరిగింది. ఎవరో ఒకరి తాలూకా అనిపించుకోవడమంటే మనవాళ్ళకి అంత సరదా. ఆ మాటకొస్తే జేబులో సెల్‌ఫోన్ ఉన్న ప్రతివాడూ ఏనాడో ఏదో ఒక కంపెనీ గారి తాలూకా అయిపోయాడు. స్టిక్కరొక్కటే అంటించుకోలేదు.

ఉదాహరణకి ఒక రిటైర్డు మాస్టారిని తీసుకుందాం. పేరక్కర్లేదు, పిఠాపురంలో అలాంటివారు వీధికొకరున్నారు. ఆయన పాత ఫోను ‘స్టోరేజ్ నిండిపోయింది’ అని పొద్దున్నే మొరపెట్టుకుంటుంది. నిండిపోవడానికి కారణం పూలగుత్తులతో వచ్చే శుభోదయాలే గానీ, వాటిని చెరిపేయడానికి ఆయనకి మనసొప్పదు. కాబట్టి కొత్త ఫోను కొనాలి. కొనాలి అనుకున్న క్షణం నుంచీ ఇంట్లో పరిశోధన మొదలవుతుంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్న మనవడొక మోడల్ చెబుతాడు. కాకినాడలో ఉన్న మేనల్లుడు అది వేడెక్కుతుందంటాడు. యూట్యూబులో ఓ కుర్రాడు పెట్టె విప్పుతూ ‘మామూలుగా లేదు మామా’ అంటాడు. మాస్టారు పిల్ల సంబంధానికి కూడా ఇంత వాకబు చేయలేదు.

తెలుగువాళ్ళకి సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించి ఇచ్చిన సంస్థానం పిఠాపురం. అలాంటి ఊళ్ళో ఇవాళ ఫోను పెట్టె వెనకున్న నాలుగు వరుసలకి అర్థం చెప్పేవాడు దొరకడు. ‘8+8 ర్యామ్’ అని ఉంటుంది. పదహారు కాబోలని మాస్టారు సంతోషిస్తారు. మొదటి ఎనిమిదే అసలుది. రెండోది ఫోను తన స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకున్నది, వేగంలో అసలుదాని దరిదాపులకి రాదు. ఇక కెమెరా. 50 మెగాపిక్సెళ్ళ ఫోను మామూలుగా ఫోటో తీసినప్పుడు నాలుగేసి పిక్సెళ్ళను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ళ బొమ్మ ఇస్తుంది. 200 మెగాపిక్సెళ్ళది పదహారేసి కలుపుతుంది. అదీ చివరికిచ్చేది ఆ పన్నెండున్నరే. పెద్ద సెన్సరుకి వెలుతురులోనూ జూమ్‌లోనూ లాభం లేకపోలేదు గానీ, కొట్టులో అమ్ముడయ్యేది మాత్రం అంకె. దాని పక్కన రెండు మెగాపిక్సెళ్ళ బుల్లి కన్నొకటి ఉంటుంది. అది వెనకవైపు నిండుగా కనబడ్డానికి.

దగ్గర్లోని ఉప్పాడ నేతగాళ్ళనడిగితే కెమెరా సంగతి కంపెనీ ఇంజినీర్లకన్నా బాగా చెబుతారు. ఉప్పాడ జాందానీ చీరకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు చీర మగ్గం దిగగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం మామూలైపోయింది. వాళ్ళకి కావలసింది ఉన్న రంగు ఉన్నట్టు చూపించే ఫోను. ఫోనేమో తెలివి మీరి వంకాయ రంగుని నీలం చేస్తుంది, జరీని అదనంగా మెరిపిస్తుంది. చీర చేతికందాక అవతలావిడ ‘ఫోటోలో ఇలా లేదే’ అంటుంది. నిజమే, ఫోటోలో అలా లేదు. కృత్రిమ మేధ అని పెట్టె మీద బంగారు అక్షరాలతో రాసి అమ్మినదాని నిర్వాకం అది. ఆ తగువులో ఎర్రబడేది నేతగాడి మొహం.

చివరికి మాస్టారు కాకినాడ వెళ్ళారు. కొట్టు ముందు హీరో గారి నిలువెత్తు బొమ్మ, లోపల ఏసీ, చేతికి మంచినీళ్ళు. పద్దెనిమిది వేల ఫోనుకి ‘వడ్డీ లేని వాయిదాలండి, మీకెందుకు నేనున్నాను కదా’ అన్నాడు కుర్రాడు. వడ్డీ లేని వాయిదా అనేదేమీ లోకంలో లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి సర్క్యులర్ పంపి మరీ చెప్పింది. దాంతో పద్ధతి మారింది. పేరు మారలేదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు. క్రెడిట్ కార్డు వాయిదాలైతే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద మళ్ళీ జీఎస్టీ మాత్రం కొనేవారి ఖాతాలోకే. మొత్తం రొక్కం ఇచ్చేస్తానంటే ఎంత తగ్గుతుందని అడగడం మాస్టారికి తోచలేదు. కుర్రాడికి తోచింది గానీ చెప్పలేదు. పెట్టె విప్పితే కొన్నిటిలో ఛార్జరుండదు. 2020లో ఆపిల్ వాళ్ళు పర్యావరణం కోసమని మొదలుపెట్టిన త్యాగమిది. మిగతావాళ్ళలో కొందరు ఆ త్యాగాన్ని అందిపుచ్చుకున్నారు. ఛార్జరు విడిగా అమ్ముతారు, విడి పెట్టెలో.

ఎవరూ అడగని ప్రశ్నలే అసలు ప్రశ్నలు. ఈ ఫోనుకి భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్ళిస్తారు? శామ్‌సంగ్ తన ఎస్24కీ, గూగుల్ పిక్సెల్ 8కీ ఏడేళ్ళని ప్రకటించాయి. చవక ఫోన్లలో ఆ మాట పెట్టె మీద వెతికినా కనబడదు. అద్దం పగిలితే బాగుచేసేది ఊళ్ళోనా, కాకినాడలోనా, మరీ దూరమా? సెకండ్‌హ్యాండైతే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు చూసుకుని, ప్రభుత్వం వారి సంచార్ సాథీలో సరిచూస్తే దొంగ సరుకుగా నమోదైందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. 2023 నుంచీ ఉన్న సదుపాయం. బేరమాడే జనానికి ఇది చూసుకునే ఓపికుండదు.

అలా ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడి ఫోను కొన్నారు. మరి సిమ్ము? ‘పాతదే వేసెయ్యి.’ రీఛార్జి? ‘అదే కొట్టెయ్.’

అసలు కథ ఇక్కడుంది. 2024 జూలై పెంపుతో జియోలో రోజుకి రెండు జీబీల ప్లాన్ 349 రూపాయలయింది, 28 రోజులకి. పంచాంగం పట్టుకుని పెరిగిన మాస్టారికి నెలంటే లెక్క తెలుసు. చాంద్రమానమైనా ఇంచుమించు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. మరి ఇరవై ఎనిమిది ఏ మానం? అది కంపెనీమానం. 28ని 13తో గుణిస్తే 364. అంటే ఏడాదికి పన్నెండు నెలలు మనకి, పదమూడు వాళ్ళకి. మన పంచాంగకర్తలు పాపం, అధిక మాసం తేవాలంటే దాదాపు రెండేళ్ళ ఎనిమిది నెలలు ఆగుతారు. కంపెనీలకి ఏటా అధిక మాసమే. అధిక మాసంలో అల్లుడికి ముప్పైమూడు అరిసెలు దానమిచ్చే ఆనవాయితీ ఉంది. ఇక్కడ అరిసెలతో పోదు, 349 రూపాయలు. అల్లుడు కూడా ముందే నిర్ణయమై ఉన్నాడు.

పదమూడు రీఛార్జిలకి 4,537 రూపాయలు. మూడేళ్ళకి 13,611. పద్దెనిమిది వేల ఫోను కోసం ఇల్లంతా తలలు బద్దలు కొట్టుకుంది. నాలుగేళ్ళు వాడితే దాన్ని మించిపోయే రీఛార్జి గురించి ఇంట్లో ఒక్కరూ నోరు విప్పలేదు. నలుగురున్న ఇంట్లో అయితే ఏడాది తిరక్కుండానే ఆ ఫోను ఖరీదు కంపెనీకి ముట్టేసి ఉంటుంది.

ఈ కంపెనీమానం గురించి ఎవరూ పట్టించుకోలేదా అంటే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పట్టించుకుంది. 2022 జనవరిలో ఆదేశమిచ్చింది: ప్రతి కంపెనీ 30 రోజుల ప్లానొకటి, ప్రతినెలా అదే తేదీకి రీఛార్జి చేసుకునేదొకటి తప్పకుండా పెట్టాలని. పెట్టారు. పెట్టి, యాప్‌లో ఎంతో వెతికితే గానీ దొరకనట్టు సర్దారు. పైనేమో 28, 56, 84. పెద్దదొకటి 336 రోజులది కూడా ఉంది. అంటే పన్నెండు ఇరవై ఎనిమిదులు. ఉగాదికి కొట్టించుకుంటే మళ్ళీ ఉగాదికి ముందే ఏడాది అయిపోతుంది.

కొత్త ఫోను 5జీది. 5జీ అన్నాక వేగం, వేగమన్నాక అపరిమితం అని మాస్టారి నమ్మకం. 2024 జూలై నుంచీ జియో, ఎయిర్‌టెల్ అపరిమిత 5జీని రోజుకి రెండు జీబీలు, ఆపైన ఉన్న ప్లాన్లకే ఉంచాయి. ఒకటిన్నర జీబీవాడు 5జీ ఫోను కొన్నా, విడిగా ఇంకేమీ కట్టకపోతే, ఆ ఒకటిన్నరతోనే కాపరం చేయాలి. ఆ జీబీల తంతు కూడా చూడాల్సిందే. ఈ రోజు మిగిలింది చాలా ప్లాన్లలో రేపటికి రాదు. అర్ధరాత్రి పన్నెండింటికి మురిగిపోతుంది. కూర మిగిలితే ఒప్పుకోని ఇల్లిది. అందుకని మాస్టారు పదకొండున్నరకి మేలుకుని, ఎవరో రొయ్యల చెరువులో మేత వేస్తున్న వీడియో ఆసాంతం చూసి, జీబీ ఖర్చయిందని తృప్తిగా పడుకుంటారు.

సిగ్నల్ సంగతి వేరే. ఎక్కడెక్కడ ఏ నెట్‌వర్క్ అందుతుందో మ్యాపులు వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది, కంపెనీలు పెట్టాయి. ఆ మ్యాపుల్లో ఊరంతా రంగేసి ఉంటుంది. మాస్టారిది పాతకాలపు మండువా లోగిలి, మట్టి గోడలు మూరెడు మందం. మ్యాపుకి ఆ గోడలు కనబడవు. ఫోను మోగగానే ఆయన చావిట్లోంచి వీధిలోకి పరుగు తీస్తారు. ఆయన ఆరోగ్యంగా ఉండటంలో టెలికాం రంగం పాత్ర ఇదీ అని ఎవరైనా ప్రకటన వేసుకోవచ్చు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకుని కూర్చునే మాట్లాడుకోవచ్చన్నది వేరే విషయం. ఆ మీట సెట్టింగులలో ఉంటుంది. సెట్టింగులంటే మాస్టారికి భయం.

నచ్చకపోతే నంబరు మార్చకుండా కంపెనీ మారవచ్చు కదా! 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఆ హక్కుంది. ‘పోర్ట్’ అని రాసి, నంబరు జోడించి, 1900కి మెసేజ్ పెట్టాలి. కోడు వస్తుంది. అక్కణ్ణుంచి మర్యాదలు మొదలవుతాయి. పదేళ్ళుగా కాల్ కట్టయిందంటే పలకని కంపెనీ, వెళ్ళిపోతానన్న గంటలో ‘ఏమండీ, మా వల్ల ఏం లోపం జరిగిందండీ’ అని ఫోన్ చేస్తుంది. ఎవరికీ చూపని ప్లానొకటి అటకమీంచి దింపుతుంది. అలకపాన్పు ఎక్కితే గానీ పెట్టిపోతలుండవని తెలిసిన అల్లుళ్ళు ఆర్నెల్లకోసారి మెసేజ్ పెడతారని వినికిడి. మాస్టారికి అంత గడుసుదనం లేదు.

వెళ్ళడానికి మాత్రం ఎంతమంది ఉన్నారని? ఒకప్పుడు ఎయిర్‌సెల్, యూనినార్, డొకోమో అంటూ గోడ గోడకో రంగుండేది. 2009లో డొకోమో సెకనుకి పైసా అంటే అందరూ దిగొచ్చారు. 2016 సెప్టెంబర్‌లో జియో ఉచితంగా వచ్చింది, ఊళ్ళోవాళ్ళు సిమ్ముల కోసం ఆధార్ జిరాక్సులతో వరసల్లో నిలబడ్డారు. ఉచితం అయిపోయేసరికి పోటీ కూడా చాలావరకు అయిపోయింది. వొడాఫోన్, ఐడియా 2018లో ఒకటయ్యాయి. మిగిలింది ముగ్గురు ప్రైవేటువాళ్ళు, ఒక సర్కారువారు. 2024 జూలైలో ఆ ముగ్గురూ ఇంచుమించు ఒకే ముహూర్తానికి ధరలు పెంచారు. ఆ ఒక్క నెలలో బీఎస్ఎన్ఎల్‌కి 29 లక్షల పైచిలుకు చందాదారులు పెరిగారని ట్రాయ్ లెక్కలు చెప్పాయి. వచ్చిన చుట్టాలకి చాపైనా వేద్దామంటే అప్పటికి వారి 4జీ ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. స్వదేశీ 4జీని ప్రధాని 2025 సెప్టెంబర్ 27న ప్రారంభించారు. మిగతావాళ్ళు 5జీ మొదలుపెట్టి అప్పటికి మూడేళ్ళు.

మన రాష్ట్రం రెండైందన్న కబురు కూడా ఈ రంగానికి ఇంకా చేరలేదు. 2014లో విడిపోయినా, టెలికాం లైసెన్సుల్లో ఆంధ్ర, తెలంగాణ కలిసి ఇప్పటికీ ఒకే సర్కిల్. పేరు ఆంధ్రప్రదేశ్. సమైక్యవాదులు చేయలేనిది సిమ్ము చేసి చూపించింది.

ఇంతకీ మాస్టారి భార్యకి ఇవేవీ అక్కర్లేదు. ఆవిడది మీటల ఫోను. కూతురు చేస్తే ఎత్తుతారు, చెల్లెలికి చేస్తారు. అయినా ఇన్నేళ్ళూ ఆవిడ పేరు మీద జీబీలు వచ్చి పడుతూనే ఉన్నాయి, వాడేవాళ్ళు లేక మురిగిపోతూనే ఉన్నాయి. ఇలాంటివాళ్ళ కోసమే ట్రాయ్ 2024 డిసెంబర్‌లో, డేటా లేకుండా ఒట్టి మాటలకీ మెసేజ్‌లకీ విడిగా ప్లాన్లు పెట్టాలంది. జనవరిలో వచ్చాయి. తొలివిడతలో డేటా పూర్తిగా తీసేసి, ధర నామమాత్రంగా తగ్గించారు. పరిశీలిస్తామని ట్రాయ్ అనగానే ఇంకాస్త దిగారు. 84 రోజులకి జియో 448, ఎయిర్‌టెల్ 469 దగ్గర ఆగాయి.

ఆవిడ రీఛార్జి కొట్టుకెళ్ళి అదే కావాలన్నారు. కుర్రాడు యాప్‌లో వేలితో పైకీ కిందకీ చాలాసేపు తోశాడు.

“డేటా ఉన్నదైతే బాగుంటాదండి మామ్మగారూ. మనవడొస్తే పనికొస్తాది.”

“వాడికి వాడిదుంది. మాటలది చూడు.”

“ఆయ్... ఇదిగోండి, దొరికింది. 448.”

“ఎన్నాళ్ళొస్తుంది?”

“మూడు నెలలండి.” మళ్ళీ తనే చూసుకుని, “అంటే... ఓ వారం తక్కువండి” అన్నాడు.

“అయితే డబ్బూ ఓ వారం తక్కువే తీసుకో” అన్నారావిడ, కొంగుముడి విప్పకుండా.