మూడ్‌కు పది, పడవకు సున్నా

కడపలో సముద్రం లేదనేది భూగర్భ శాస్త్రం తెలియనివాళ్ల మాట. 150 కోట్ల ఏళ్లకు పైగా కిందట ఈ నేల సముద్రపు అడుగే. వేంపల్లె సున్నపురాళ్లలో అప్పటి సూక్ష్మజీవులు పేర్చిన పొరలు ఇప్పటికీ ఉన్నాయి. అలలు గీసిన గీతలు గండికోట రాళ్లలో రాయిగానే మిగిలాయి. అందుకే కాబోలు, బ్లాక్ అండ్ వైట్ సముద్రం ఫొటోలకు మార్కులేసే హక్కు మావాళ్లకు వంశపారంపర్యంగా వచ్చింది.

ఈ ఫొటోలు పుట్టే తీరు చూడండి. నెల్లూరు మీదుగా మైపాడు చేరేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. ఆకాశం తెల్లగా పేలిపోతుంది, పడవ మసకబారుతుంది, సముద్రం ఓ పక్కకు ఒరుగుతుంది. రంగుల్లో చూస్తే ఇంట్లోవాళ్లు కూడా మెచ్చరు. రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని రంగు పీకేస్తే తెల్లారేసరికి అది కళాఖండం. ఇక పోటీలో జడ్జిగారి వ్యాఖ్యానం వినాలి.

"హొరైజన్ వంకరపోయింది గదన్నా?"

"అది మనిషిలోని అలజడి."

"ఆకాశంలో ఏమీ లేదే?"

"శూన్యం."

"నలుపంతా బూడిదగా ఉందే?"

"విషాదం, సామీ! మూడ్ చూడు, మూడ్!"

ఇంటింటా వంటగట్టు మీద కడప రాయి పరుచుకున్న జిల్లాలో నలుపంటే ఏమిటో తెలియని జడ్జి దొరకడమే అసలైన విషాదం. ఉడకని సంగటి ముందుపెట్టి ఆకలి రుచి చూడమన్నట్టుంది వరస.

పక్క కుర్చీలో ఇంకో జడ్జి ఉంటాడు. ఆయనది టెక్నిక్ మతం. ఫొటోను నూరు శాతం పెద్దది చేసి సెన్సర్ మీది దుమ్ము వెతుకుతాడు, హిస్టోగ్రామ్‌కు దండం పెడతాడు. ఆయన శిష్యులు లెన్సుకు వెలుతురును తగ్గించే 10 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ బిగిస్తారు. సెకనులో అరవయ్యో వంతులో పడాల్సిన ఫొటోకు అప్పుడు 17 సెకన్లు పడుతుంది. ఆలోగా అలలన్నీ పొగమంచైపోతాయి. ఎక్కడో తెలుసా? కాకినాడ దగ్గరి ఉప్పాడలో. అక్కడి సముద్రం ఇళ్లను, రోడ్లను కోసుకుపోతోంది. గోడ పోయిన మత్స్యకారుడు వెనకాల నిలబడి ఉంటే, ఫొటోలో సముద్రం ధ్యానం చేస్తుంటుంది. అంచులు పదునుగా ఉన్నాయని జడ్జిగారు పదికి పది వేస్తారు.

ఈ ఇద్దరికీ తగువని జనం అనుకుంటారు. నాకైతే ఇద్దరూ ఒకటే. ఎందుకిలా తీశావని ఇద్దరూ అడగరు.

ఆ ప్రశ్నకు జవాబున్నవాళ్లూ ఉన్నారు. గుస్తావ్ లెగ్రే అనే ఫ్రెంచివాడు 1857 ప్రాంతంలో సముద్రాన్ని ఫొటో తీసి లోకాన్ని నివ్వెరపరిచాడు. అప్పటి నెగటివ్‌లకు నీలం అంటే అతి చురుకు. సముద్రం కుదిరేలా తీస్తే ఆకాశం తెల్లబోయేది. దాన్ని శూన్యమని పేరుపెట్టి ఆయన బహుమతి అడగలేదు. మబ్బులకొక నెగటివ్, నీళ్లకొక నెగటివ్ తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద అతికినట్టు ముద్రించాడు. చూసినవాళ్లకు కలిగిన గగుర్పాటుకు కారణం ఆ చాకిరే.

ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్‌కు 1941లో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం తీసేటప్పుడు లైట్ మీటర్ చేతికి దొరకలేదు. వెలుతురు జారిపోతోంది. చంద్రుడి కాంతి ఎంతో ఆయనకు కంఠతా వచ్చు గనుక ఎక్స్‌పోజర్ లెక్క అక్కడికక్కడే కట్టేశాడు. తర్వాత ఏళ్ల తరబడి అదే నెగటివ్‌ను మళ్లీ మళ్లీ ప్రింటు చేస్తూ ఆకాశాన్ని నల్లబరుస్తూ పోయాడు. అందులో టెక్నిక్ ఎక్కడ ఆగింది, మూడ్ ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించగలిగినవాడికి నా ఓటు.

కాబట్టి పోటీలు పెట్టే పెద్దలకు ఒక మనవి. మార్కుల కాగితంలో మూడ్‌కో గడి, టెక్నిక్‌కో గడి పెట్టడం మానండి. మొదటి గడి సోమరికి జామీను, రెండోది యంత్రానికి సన్మానం. వాటి బదులు ఫొటోగ్రాఫర్‌ను నిలబెట్టి అడగండి: ఆకాశాన్ని ఎందుకు నల్లజేశావు, అలను ఎందుకు చెరిపేశావు? జవాబుంటే మార్కులు వెయ్యండి, లేకుంటే టీ తాగించి పంపండి.

ఫొటోగ్రాఫర్ తమ్ముళ్లకు మాత్రం ఒకటే మాట: ముందు హొరైజన్ సరిచేసుకుని రండి, మీ అలజడి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.