బావ భూమి, నా పారదర్శకత

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. సరే, నవ్వండి, మీరు మాత్రం ఏం చేస్తారు.

2020 అక్టోబర్ 29న మా శామీర్‌పేట దాపునే, మూడుచింతలపల్లిలో, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్ ప్రారంభించారు. లోకమంతా అందులో సొంత భూమి వెతుక్కుంటే నేను బావ భూమి వెతికాను. చెరువు వైపు రెండెకరాలు కొన్నాడని మేడ్చల్ హోటల్లో విన్న రోజు నుంచి నాకు అన్నం సహిస్తే ఒట్టు. సర్వే నంబరు కొట్టి చూశాను. ఏమీ రాలేదు. పట్టాదారు కోరితే తన వివరాలు పరాయివాళ్ల కంట పడకుండా దాచుకునే వీలు అందులో ఉండేది లెండి.

అంతే, నాలో ప్రజాస్వామ్యం నిద్రలేచింది. చాయ్ బండి దగ్గర పారదర్శకత మీద గంటసేపు దంచి, సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. 2005 నాటి ఆ చట్టం కారణం చెప్పక్కర్లేదంటుంది. నేను నాలుగు పేజీల కారణం రాశాను. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలే. నా హోదాకు తగ్గట్టు 10 రూపాయల స్టాంపు అంటించాను. 30 రోజుల్లో జవాబు రావాలి కదా, గోడ క్యాలెండర్ మీద సున్నాలు చుడుతూ కూర్చున్నాను.

చట్టమంతా నమిలి మింగానని చెప్పుకున్నాను గానీ, పదకొండో సెక్షన్ దాకా పోనేలేదు. మూడో మనిషి గోప్యంగా పెట్టుకున్న సమాచారం ఇవ్వదలిస్తే, అధికారి ముందు 5 రోజుల్లో ఆ మనిషికే నోటీసు పంపాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి 10 రోజులివ్వాలి.

పంపారు. బావ వచ్చాడు, చేతిలో కవరు, వెనక అక్క, అక్క వెనక మేనల్లుడు, గోడ మీంచి పక్కింటివాళ్లు. "ఏం బామ్మర్దీ, అడిగితే నేనే చెప్తుంటి గదా! గింత దానికి సర్కారును తిప్పలు వెట్టుడెందుకు?" ప్రజాప్రయోజనం అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఇంతలో మేనల్లుడు ఫోను తీసి, "మామా, నీ సర్వే నంబరు చెప్పు" అన్నాడు. మా ఆవిడ చెప్పేసింది! కొట్టాడు. ఏమీ రాలేదు. చుట్టాలు తొంగిచూస్తారని నేనూ ఎప్పుడో దాచుకున్నాను మరి.

బావ మాత్రం పది రోజులు ఆగలేదు. అభ్యంతరం లేదని మా అరుగు మీదే రాసి సంతకం పెట్టాడు. పోతూ పోతూ, "రెండెకరాలు గాదు బామ్మర్దీ, పద్దెనిమిది గుంటలు" అన్నాడు.

ఆ రాత్రి అన్నం సహించింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.