దాపటి గిత్త చెప్పిన సంగతులు

నా వయసెంతని అడిగితే నోరు తెరిచి చూపిస్తాను. మా లెక్కంతా పళ్లలోనే. పై దవడకు ముందు పళ్లు మా జాతికి అసలే ఉండవు, కిందనే ఎనిమిది. పాలపళ్లు రెండు రాలి గట్టివి రెండు మొలిస్తే రెండు పళ్ల గిత్త. ఆ తర్వాత నాలుగు, ఆరు. ఎనిమిదీ వచ్చేశాయంటే ఇక సీనియర్. బండలాగుడు పోటీల్లో విభాగాలు కూడా ఇవే. పోటీకి ముందు ఎవరో ఒకాయన వచ్చి నా కింది పెదవి లాగి చూసిపోతాడు. మనుషుల ఆటల్లో పుట్టినతేదీ కాగితాలు దిద్దుతారట. పన్నును దిద్దేవాడు ఇంకా పుట్టలేదు.

నన్ను కొన్నది పెబ్బేరు సంతలో. వనపర్తి జిల్లాలో బెంగళూరు రోడ్డు మీదుంటుంది ఆ ఊరు. శనివారం వచ్చిందంటే గొర్రెలు, మేకలు, ఎడ్లు, వాటిని తోలుకొచ్చిన డీసీఎంలతో కాలు పెట్టడానికి చోటుండదు. దళారి తువ్వాలు కింద చెయ్యి పెట్టి మా పెద్దాయన వేళ్లు పట్టుకున్నాడు. ఎంతకు కుదిరిందో ఆ వేళ్లకే తెలుసు. పెద్దాయన నా కొమ్ములు చూడలేదు, మూపురం చూడలేదు. "పది అడుగులు నడిపియ్యిరా, కాళ్లు సూస్త" అన్నాడు. నాతోపాటు ఇంకో కోడెను కూడా నడిపించి, ఇద్దరి అడుగూ ఒక్కటిగా పడుతున్నదని తేల్చుకున్నాక గాని డబ్బు బయటికి తియ్యలేదు. అప్పటినుంచి నేను దాపట, వాడు వలపట. నన్ను వీరన్న అంటారు, వాణ్ణి తిమ్మప్ప అంటారు.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డలో, గద్వాలకు కాస్త దూరంలో మా కొట్టం. చుట్టూ సీడ్ పత్తి, వేరుశనగ. దుక్కి పని ట్రాక్టరుదే, మాకు నాగలి తెలియదు. పొద్దున్నే కాలువలో ఈత, మధ్యాహ్నం నానబెట్టిన ఉలవలు, సాయంత్రం జొన్నచొప్ప, పోటీలు దగ్గరపడితే గుడ్లు, ఖర్జూరాలు. ఇంట్లో ఆడవాళ్లు దీనిమీద గొణుగుతారు. వాళ్ల గొణుగుడులో న్యాయముంది.

మొదట్లో మెడ మీద కాడి మాత్రమే పెట్టారు. తర్వాత ఎండిన మొద్దు, ఆపైన చిన్న బండ. బండ కదిలేదాకానే కష్టం. కదిలిందా, ఆగకుండా చూసుకోవడమే పని. పెద్దాయన ఎప్పుడూ మమ్మల్ని పూర్తిగా అలసిపోనివ్వడు. ఇంకో నాలుగు అడుగుల సత్తువ ఉందనగానే కాడి విప్పేస్తాడు. రేపటికి ఆశ మిగలాలట.

ఆయన మనవడు కొట్టంలోనే పడుకుంటాడు, ఫోను వెలుగులో. ఒక రాత్రి వాడు తాతకు ఒక నార్వే వాణ్ణి చూపించాడు. మంచు మీద సన్నటి పలకలు కాళ్లకు కట్టుకొని, చేతికర్రలు పొడుచుకుంటూ కిలోమీటర్ల కొద్దీ పోతాడు. పేరు యొహానెస్ క్లేబో. ఇరవై ఒక్కేళ్లకే 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చాడు. 2025లో తాను పెరిగిన ట్రోన్‌హైమ్ ఊళ్లోనే ప్రపంచ పోటీలు జరిగితే ఆరు పందేల్లో దిగి ఆరూ గెలిచాడు, చివరిది యాభై కిలోమీటర్లది. వాడికి శిక్షణ ఇచ్చింది వాళ్ల తాత అని చెప్పగానే పెద్దాయన లేచి కూర్చున్నాడు. "ముసలోళ్లకే తెలుస్తది ఏ ఎత్తు మీద ఊపిరి దాచుకోవాల్నో" అన్నాడు. ఆ పలకల అడుగున మైనం పూస్తారట, ఏ మంచుకు ఏ మైనమన్నది పెద్ద విద్యట. మా బండ అడుగున ఎవరూ ఏమీ పూయరు.

అయిజలో తిక్క వీరేశ్వర స్వామి ఉత్సవాలకు మమ్మల్ని తీసుకుపోయారు. కర్నూలు వైపు నుంచి, ఇంకా దూరాల నుంచి జతలు దిగాయి. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. మైకు పట్టుకున్నవాడు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నాడు. గడువు నిమిషాల్లో, ఫలితం అడుగుల్లో. బాట చివర బండను తిప్పుకొని మళ్లీ వెనక్కి రావాలి, గడువు తీరేలోగా ఎవరు ఎక్కువ దూరం లాగితే వాళ్లదే గెలుపు. బలమున్న జతలు ఆ మలుపులోనే ఓడిపోతాయి. అక్కడ లోపలి గిత్త దాదాపు నిలబడాలి, బయటిది విసురుగా తిరగాలి. తిమ్మప్ప ఆరోజు ఒక్క క్షణం ముందే తిరిగాడు. కాడి నా మెడను కోసింది. అయినా పడలేదు. వెనకనుంచి చర్నాకోల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా పెద్దాయన దాన్ని గాలిలోనే ఆడిస్తాడు. అందరూ అలా ఆడించరు, పక్క జతల వీపుల మీద వాతలు చూశాను.

ఈ ఆటలు ఉండాలా వద్దా అని కోర్టుల్లో వాదనలు చాలానే జరిగాయి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల పందేలను ఆపమంది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు చేసుకుంటే 2023 మే 18న అదే కోర్టు ఆ చట్టాలను సమర్థించింది. నన్ను అడిగితే రెండు వైపులా తలూపుతాను. లాగడం నాకు ఇష్టమే, వాత ఎవరికిష్టం?

కురుమూర్తి జాతరలో ఒకసారి అమ్రాబాద్ నుంచి వచ్చిన పొడ తూర్పు ఎద్దు పక్కన నన్ను కట్టేశారు. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో పుట్టిన జాతి, తెల్లటి ఒంటి మీద మచ్చలు. ఒంటి సైజులో చూస్తే నాకు సగం. రాళ్లూ గుట్టలూ ఎక్కి మేసి పెరిగింది గనక, దాని గిట్ట ముందు నా గిట్ట మెత్తన. తెలంగాణ నుంచి పశుజాతిగా గుర్తింపు పొందినది తమ జాతేనని కాస్త గర్వపడింది. మా ఒంగోలు జాతివాళ్లు బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో కోట్లలో ఉన్నారని నేనూ బదులిచ్చాను. అది నమ్మలేదు.

నాకున్న అసలు బాధ మైకు గురించి. పోటీకి దిగిన ప్రతి గిత్తనూ వృషభరాజం అంటారు. ఆ వెంటనే ఫలానా ఊరు, ఫలానా మండలం, ఫలానా వారి ఎడ్లు అని చదువుతారు. నమోదు కాగితంలో యజమాని పేరు, ఫోను నంబరు, పళ్ల విభాగం ఉంటాయి. మా పేరుకు గడి లేదు. నార్వేలో ఎవరైనా క్లేబోను వాళ్ల తాత గారి మనవడు అని పిలిచి పతకం ఇస్తారా? 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు మా ఒంగోలు గిత్తనే చిహ్నం చేసి వీర అని పేరు పెట్టారు. బొమ్మకు పేరుంది మరి.

మనవడికి ఇది తోచినట్టుంది. ఈమధ్య పక్క మండలంలో మేము మొదటి స్థానంలో నిలిస్తే, వాడు చీటీ మీద మా ఇద్దరి పేర్లు రాసి మైకు దగ్గరికి పంపాడు. మైకాయన చదివాడు, గొంతు సవరించుకొని: "మొదటి బహుమతి వీరన్న గారు, తిమ్మప్ప గారి వృషభరాజములకు! వీరన్న గారు, తిమ్మప్ప గారు ఎక్కడున్నా వెంటనే వేదిక మీదికి రావాలి." మేము కాడి కిందే ఉన్నాం. పెద్దాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నాడు. మూడోసారి పిలిచి, ఐదు నిమిషాల్లో రాకపోతే బహుమతి రెండో జతకు ఇచ్చేస్తామని హెచ్చరించారు కూడా.