క్వింటలు తగ్గిన కారు: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక: హైదరాబాద్‌లోని నేరేడ్‌మెట్ చౌరస్తాలో చాయ్ తాగుతూ చెప్పిన చాటువిది. కవి తన పేరు చెప్పుకోలేదు గాని స్కూటరు మీద అప్పు ఉందని మాత్రం చెప్పుకున్నాడు. మూడో పాదాన్ని ఆ అనుభవంతో చదువుకోవాలి.

తే.గీ.
పాట లేదు తివాచీయు పఱుపు లేదు
గాజు మాన్పించి రేకులు గట్టినారు
క్వింట లొక్కటి తగ్గించి కిస్తు పెంచి
వచ్చె నదిగొ నేరేడ్మెట్టు వాడ కిపుడు

ప్రతిపదార్థం: పాట లేదు = స్టీరియో కంపెనీవాడు ఇవ్వడు, కావాలంటే అడిగి పెట్టించుకోవాలి; తివాచీయు = కాళ్ల కింద పరిచేదియు; పఱుపు = సీట్లో మెత్తదనమును; లేదు = లేవు అనవలసినది, ఛందస్సు ఒప్పుకున్నా కవి ఒప్పుకోలేదు; గాజు మాన్పించి = అద్దం తీయించి; రేకులు = పాలీకార్బనేట్ పలకలు (మన ఇళ్ల మీది సిమెంటు రేకులు కావు); క్వింటలు = వంద కిలోలు; కిస్తు = నెల తిరగ్గానే బ్యాంకువాడికి కట్టేది; ఇపుడు = ఆదివారం తెల్లవారుజామున. తక్కిన వేళల్లో ఆర్కే పురం ఫ్లైఓవర్ దిగాక ఏ కారుకైనా ఒకటే వేగం కనుక ఈ అర్థమే గ్రాహ్యం.

తాత్పర్యం: సుఖాలన్నీ ఊడబీకి, అందుకు అదనంగా డబ్బు తీసుకున్న కారు మన పేటకు వచ్చిందని భావం.

విశేషాలు: ఇందులో నాయిక లాంబోర్గిని గల్లార్డో సూపర్‌లెజ్జేరా. 2007లో జెనీవా ప్రదర్శనలో లోకానికి కనిపించింది. మామూలు గల్లార్డో 1,430 కిలోలైతే ఇది 1,330. పది సిలిండర్ల ఇంజను, 530 గుర్రాల బలం. వెనక అద్దం, ఇంజను మీది మూత పాలీకార్బనేట్‌వి. తలుపుల లోపలి పలకలు, సీట్ల గుల్లలు కార్బన్ ఫైబర్‌వి. తివాచీ, పాట లేకపోవడం మాత్రం 2003 నాటి ఫెరారీ 360 ఛాలెంజ్ స్ట్రాడాలె లక్షణం. కవి ఇద్దరు సుందరుల వర్ణన ఒకరికే కట్టబెట్టాడు. ఇది కవిసమయం, దోషం కాదు.

సూపర్‌లెజ్జేరా బిరుదు మిలాన్‌లోని టూరింగ్ అనే బాడీ కట్టే కార్ఖానాది. సన్నటి ఉక్కు గొట్టాల చట్రం మీద అల్యూమినియం తొడుగు వేసే పద్ధతికి వారు 1930లలో పెట్టుకున్న పేరు. లాంబోర్గిని అమ్మిన మొదటి కారు 350 జీటీకి బాడీ కట్టిందీ వారే.

పూర్వపక్షం: తీసేసినందుకు ధర తగ్గాలి గాని పెరగడమేమిటి? ఉల్లిపాయ వేయని దోసెకు ఎక్కువ అడిగితే ఊరుకుంటామా?

సిద్ధాంతం: ఊరకే తీసేస్తే బలమూ పోతుంది. బరువు పోవాలి, గట్టితనం ఉండాలి. అందుకు కార్బన్ నారను పొరలు పొరలుగా చేత్తో పరిచి, ఒత్తిడి పెట్టి కొలిమిలో ఉడికించాలి. ఆ కూలీ ఎక్కువ. ఫలమూ ఎక్కువే. ఇంజను బలం పెంచితే ముందుకు పరుగొక్కటే పెరుగుతుంది. బరువు తగ్గితే పరుగు, బ్రేకు, మలుపు మూడూ బాగుపడతాయి. అయితే మన దగ్గర జీవితపన్ను కారు ధరను బట్టి వేస్తారు, బరువును బట్టి కాదు. కనుక తగ్గిన క్వింటలుకు ఆర్టీఏ ఆఫీసులో మన్నన లేదు.

ఆక్షేపం: ఆ మూడు ఫలాలూ నేరేడ్‌మెట్‌లో ఎక్కడ అనుభవించాలి? పరుగుకు ట్రాఫిక్ అడ్డం. మలుపులో గేదె. ఇక స్పీడ్ బ్రేకరు దగ్గర చూడాలి సొగసు: కారు ఆగుతుంది, ఏటవాలుగా తిరుగుతుంది, ఒక్కో చక్రం ఎక్కుతుంది, కింద గరగరమంటుంది. వెనక ఆటోవాడు హారన్ మోగిస్తాడు. పోనీ ధైర్యం చేద్దామంటే పోలీసు కమిషనరేట్ ఈ పేటలోనే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది, నిజమే. మాసెరాటీ పేరున ఒక జట్టూ దిగింది. కాని అవి కరెంటు కార్లు, ఆ మరుసటి ఏడు పందెమే రద్దయింది. నికరమైన ట్రాక్ కావాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై దాకా పోవాలి. అందుకే కవి "వచ్చె" అన్నాడు గాని "ఉరికె" అనలేదు. ఔచిత్యమంటే ఇది.

అలంకారం: పరివృత్తి. ఎక్కువ ఇచ్చి తక్కువ గాని, తక్కువ ఇచ్చి ఎక్కువ గాని పుచ్చుకోవడం దీని లక్షణం. మొదటి రకానికి ఇంతకన్న మంచి లక్ష్యం లేదు.

ఛందస్సు: తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. క్వింటాలును క్వింటలు చేసి కవి తానూ ఒక మాత్ర బరువు తగ్గించాడు, కిస్తు పెంచకుండానే.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివినవారు తమ కారు డిక్కీ తెరిచి, నిరుటి పెళ్లి శుభలేఖల కట్ట, పనికిరాని పాత బ్యాటరీ, ఇస్త్రీకి ఇవ్వడం మరిచిన బట్టల మూట దించుతారు. వారికి మైలేజీ సిద్ధిస్తుంది. ఇటలీ వారికి పైసా ఇవ్వనక్కర్లేదు.