నిజం తుపాకి ఉన్న పిట్టలదొర

తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు పిట్టలదొరను పరిచయం చెయ్యనక్కర్లేదు. ఒంటిమీద ఖాకీ బట్టలు, నెత్తిన దొరటోపీ, భుజాన కట్టె తుపాకి. వాకిట్లో అడుగుపెట్టగానే కోతలు మొదలు. కడుపుబ్బా నవ్వించి, చేటెడు గింజలు పట్టుకుని పోయేవాడు. తుపాకి రాముడని ఇంకో పేరు. ఆ తుపాకి కట్టెదని ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. అందుకే ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కంతా తుపాకి నిజమైనదైతేనే.

మా సిద్దిపేటలో అలాంటి కాక ఒకరున్నారు. మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు, పొద్దున హోటల్ ముందర చూడండి. సాయుధ పోలీసుల్లో ఆర్మరర్‌గా, అంటే తుపాకుల మరమ్మతు పనిలో, ముప్పై ఏండ్లు చేసి దిగిపోయారు. నౌకరీ దిగింది గాని తుపాకి దిగలేదు. దూరం ఎంతైనా గజాల్లోనే చెప్తారు. "కోమటి చెరువు కట్ట ఎంత దూరం కాకా?" అని ఆటోవాడు అడిగితే, ఒక కన్ను మూసి, బొటనవేలు ముందుకు చాచి, "ఎనిమిది వందల గజాలు, గాలి ఎడమకు" అంటారు. ఆటోవాడికి గాలితో ఏం పని? అయినా చెప్తారు.

ఆయన దేవుడు త్రీనాట్‌త్రీ. ఆ పేరు గొట్టం లోపలి వ్యాసానిది, అంగుళంలో వెయ్యింట 303 వంతులు. బోల్టు, మ్యాగజైను జేమ్స్ పారిస్ లీ అనే ఆయన బుర్రలోంచి వచ్చాయి. ఎన్‌ఫీల్డ్ లండన్ దగ్గరి ఫ్యాక్టరీ పేరు. రెండూ కలిసి లీ ఎన్‌ఫీల్డ్ అయింది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ తయారయింది. ఇదంతా కాక ఇంటిపేరు, గోత్రం చెప్పినట్టు చెప్తారు. 2020 రిపబ్లిక్ దినోత్సవం నాడు ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారని పేపర్లో చదివి పొద్దున టిఫిన్ ముట్టలేదు. మధ్యాహ్నం మాత్రం రెండింతలు తిన్నారు, దినాల భోజనమట.

ఇక కోతల సంగతి. పోయిన వారం ఆయన గోలీకి ఎగిరే తీతువు తోకలోంచి ఈక ఒక్కటే రాలింది. ఈ వారం అదే గోలీకి అదే ఈక కొంగది. "కాకా, తీతువు గదా?" అని ఎవరైనా పట్టుకుంటే చెయ్యి తిప్పి, "తీతువుది తరువాతి గోలీ బిడ్డా" అంటారు. ఆయన మాట తప్పిపోవడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. మాట ఎటు పోతే గురిని అటు జరుపుతారు.

ఇలా ఉండగా ఒక పోలీసు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. స్టోరులో పడున్న పాత రైఫిల్ ఒకదాన్ని బాగుచేసి అద్దాల బీరువాలో పెట్టాలని వాళ్ల ఆలోచన. తుపాకిని తిప్పి చూస్తే మెడ దగ్గర కిరీటం, జీ.ఆర్.ఐ. అనే అక్షరాలు, కింద ఇషాపూర్, 1942. "నాకంటె పెద్దది, దండం పెట్టాలె" అని నిజంగానే దండం పెట్టారు కాక.

నెల రోజులు ఆఫీసు వరండాయే ఆయన ఇల్లు. కట్టెకు అవిసె నూనె పట్టించి, ఆరబెట్టి, మళ్లీ పట్టించారు. వెనక కట్టెలో, ఇత్తడి మూత కింద, నూనె బుడ్డి, గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు దొరికితే తాత పెట్టెలో నాణేలు దొరికినంత సంబరం. పాత తూటాల క్యాపులోని మందు గొట్టంలో తుప్పు పుట్టిస్తుంది కాబట్టి మరిగే నీళ్లు పొయ్యాలి. దానికని ఇంటినుంచి చాయ్ కెటిల్ మోసుకుపోయారు. "కెటిలే పోయింది, నన్ను తీసుకపోయి నూనె పట్టియ్యలే, సంతోషం" అంది చిన్నమ్మ.

పని అయింది. బీరువాలో పెడదామన్నారు. కాక అడ్డం పడ్డారు. "గోలీ ఎల్లకుండ బీరువాల పెడితే అది తుపాకి గాదు, పటం!" ఎట్టకేలకు, సిబ్బంది ఏటా చేసే ఫైరింగ్ రోజున, మూడు వందల గజాల దగ్గర, పది తూటాలకు అనుమతి దొరికింది. కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునేవాణ్ని కావడంతో నన్నూ రమ్మన్నారు.

ఎర్ర జెండా ఎగిరింది. నాలుగు కిలోల తుపాకితో కాక బోర్లా పడుకున్నారు. పడుకోవడం తేలికే గాని, ఆ వయసులో మోచేతులు కుదురుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. పక్క వరసలో కుర్ర కానిస్టేబుళ్లు ముసిముసిగా నవ్వుతున్నారు. "తాతా, అంబులెన్స్ పిలవాల్నా?" అన్నాడొకడు. కాక పలకలేదు. బోల్టు లాగారు. ఇరవై ఏండ్లుగా ఆ మనిషి అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను చూడలేదు.

అయిదు గోలీలు కాల్చారు. గురి కాగితం కింది గుంటలోంచి కర్ర లేచి తగిలిన చోటు చూపింది. అయిదూ ఎడమకే, నడిమి నల్లచుక్కకు అడుగున్నర అవతల! కుర్రాళ్లు పకపకమన్నారు. నేను కళ్లు మూసుకున్నాను. వివరణ మొదలవుతుందని తెలుసు. అయింది. "రంగనాయకసాగర్ నిండినప్పటి సంది సిద్దిపేట గాలి బరువెక్కింది సారూ. నా కాలంల గిట్ల లేదు. ఒకటి తేమ, రెండు మొగులు, మూడు గా పోరని నవ్వు..."

అంటూనే లేచి కాగితం దాకా నడిచారు. నేనూ వెంట పోయాను. దగ్గరికి పోయి చూస్తే నా నోటమాట రాలేదు. తగిలింది తప్పు చోటనే గాని, అయిదు రంధ్రాలూ అన్నం తినే పళ్లెమంత జాగలో ఉన్నాయి. మూడు వందల గజాల దూరం, 1942 నాటి గొట్టం, డెబ్బై దాటిన కన్ను. తుపాకిలో తప్పు లేదు, మనిషిలో తప్పు లేదు. గొట్టం చివరనుండే ముందుగురి ఒక్కటే కొంచెం పక్కకు జరిగి ఉంది. తుపాకి దగ్గరికి తిరిగొచ్చి కాక జేబులోంచి చిన్న సుత్తె, ఇత్తడి ముక్క తీశారు. "గోలి ఎడమకు పోతే ముందుగురిని ఎడమకే జరపాలె. తప్పు ఎటుంటె గురి అటు" అని రెండు దెబ్బలు కొట్టారు. మిగిలిన అయిదు తూటాలు నల్లచుక్క చుట్టూ కూచున్నాయి. నవ్విన కుర్రాడు వచ్చి, "తాతా, నాకు నేర్పియ్యరాదు" అన్నాడు.

చెప్పుకోవాలంటే ఇంతకంటే ఏం కావాలి? ఒక్క అబద్ధం అక్కర్లేని కథ. మర్నాడు హోటల్ దగ్గర నేను సాక్షిగా, వన్ బై టూ చాయ్‌తో సిద్ధంగా కూచున్నాను. కాక గొంతు సవరించుకున్నారు.

"ఎనిమిది వందల గజాలు. కండ్లకు గంతలు. మొదటి గోలీ ఏసిన బొక్కలకెల్లే మిగిలిన తొమ్మిది ఎల్లినయ్. కావాలంటె గీ సారును అడుగుండ్రి."

అందరూ నావైపు తిరిగారు. నిజం చెప్దామని నోరు తెరిచాను. మూడు వందల గజాలు, పళ్లెమంత జాగ. ఆ తొమ్మిది గోలీల ముందు నా నిజం చిన్నబోయి కనబడింది. ఎవరు నమ్ముతారు? ఒకవేళ నమ్మినా, ఎవరు నవ్వుతారు? గోలి ఎటు పోతే ముందుగురిని అటు జరపాలని నిన్ననే నేర్చుకున్నాను గదా.

"తొమ్మిది కాదు కాకా," అన్నాను. "పదోది కూడా అందులోంచే పోయింది."