పలకమీద లేనివి: ఒక బోరుమోటారు ఆత్మకథ

ముదిగుబ్బ దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోటలో, ఆరువందల అడుగుల లోతుకు దించిన సబ్‌మెర్సిబుల్ మోటారుకు పుట్టుకతో వచ్చిన జీవితచరిత్ర ఒకటే: ఒంటికి బిగించిన పలక. హెచ్‌పి 7.5, వోల్టులు 415, ఫేజులు 3, హెర్ట్జ్ 50, స్టేజీలు 20, హెడ్ 180 మీటర్లు. పలక ఎక్కడా ‘నేను’ అనదు. అందుకని ఈ ఆత్మకథలోనూ ఆ మాట రాదు. మోటారు తన సంగతి తానే చెప్పుకుంటున్నా పలక ధోరణిలోనే చెబుతుంది, పలకమీద చోటు చాలనివి మాత్రం చేరుస్తుంది.

జనం మోటారు అని పిలిచేది నిజానికి రెండు వస్తువుల జత. పైది పంపు, కిందిది మోటారు, నడుమ నీళ్లు లోపలికి పోయే జల్లెడ. కరెంటుకూ నీళ్లకూ పడదని లోకమంతా అనుకుంటుంది గానీ, ఈ రకం మోటారు కడుపు నిండా నీళ్లు పోసిగాని బోరులోకి దించరు. వైండింగు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. లోపలి నీళ్లే నూనెలాగా పనిచేసి కార్బన్ బేరింగు అరగకుండా కాపాడతాయి. ఇరుసు నిమిషానికి మూడువేల చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. దానిమీద ఒకదానిపై ఒకటి పేర్చిన ఇరవై ఇంపెల్లర్లు నీటిని ఒక్కొక్కటి తొమ్మిది మీటర్ల చొప్పున మీదికి అందించుకుంటాయి. కళ్లంలో బుట్టలు చేతులు మార్చుకున్నట్టు.

పుట్టిల్లు కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే నాయుళ్ల కుటుంబాలు మిల్లులతో మొదలుపెట్టి మోటార్ల దాకా వచ్చిన ఊరు అది. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా చెప్పుకునేది 1937లో అక్కడే, జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి చేసినది. నీటిలో మునిగి పనిచేసే మోటారు వెనక చమురుబావుల కథ కూడా ఉంది. టిఫ్లిస్ నగరంలో పుట్టి అమెరికా చేరిన అర్మాయిస్ అరుటునోవ్ అలాంటి మోటారును చమురుబావులకోసం తయారుచేశాడు. జి.డి.నాయుడూ అరుటునోవూ ఇద్దరూ పుట్టిన సంవత్సరం ఒకటే, 1893. మోటారుకు ఇది చుట్టరికంలా తోస్తుంది.

అయితే కోయంబత్తూరు సరుకు ముదిగుబ్బ దాకా రావలసిన అవసరం ఎలా వచ్చిందో చెప్పాలంటే బండ సంగతి చెప్పాలి. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వాన 552 మిల్లీమీటర్లు. ఎర్రనేల పలచన, దాని కింద రాతిబండ. బండలో నీళ్లుండవు, బండ పగుళ్లలో ఉంటాయి. పైన మెత్తబడిన రాతిపొరలో ఊట ఉన్నన్నాళ్లు బావి, కపిల, ఎడ్లజత సరిపోయాయి. తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి, వాటి వెనక గట్టుమీది కరెంటు మోటార్లు. గట్టుమీది పంపుకు ఒక హద్దుంది: అది నీటిని నిజంగా పీల్చదు, గాలి బరువే నీటిని దానిలోకి నెడుతుంది. ఆ నెట్టుడు ఆచరణలో పాతిక అడుగులు దాటదు. బావిలో నీళ్లు దిగేకొద్దీ మోటారునూ బావిలోకి దించి, బండ అంచున దిమ్మె కట్టి కూర్చోబెట్టారు. ఆ తర్వాత బావే ఎండింది. పీల్చే దారి మూసుకుపోయాక మిగిలింది నెట్టే దారి. నీటికంటే కిందికి పోయి దాన్ని మీదికి నెట్టే యంత్రమే సబ్‌మెర్సిబుల్.

బోరు చోటు కొబ్బరికాయ చూపించింది. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న కాయ నిలబడిన చోట నీళ్లున్నాయని నమ్మకం. వేపపుల్ల పట్టేవాళ్లూ ఉన్నారు, మిషన్ తెచ్చి కొలిచే జియాలజిస్టులూ ఉన్నారు. రైతు ముగ్గురినీ పిలుస్తాడు, ముగ్గురూ ఒకేచోట చూపించాలని కోరుకుంటాడు. ఆ తోటలో అంతకుముందు వేసిన రెండు బోర్లలో దుమ్మే లేచింది. మూడోదాంట్లో మొదట బూడిదరంగు పిండి, తర్వాత తడిపిండి, చివరకు ఒకటిన్నర ఇంచు నీళ్లు వచ్చాయి. ఇంచులంటే తూకం కాదు. కళ్లతో చూసి ఒప్పుకునే కొలత. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోరు వేయడానికి అనుమతి కావాలి. అయితే రాత్రిపూట వచ్చే బోరుబండికి కాగితాలమీద అంత పట్టింపు ఉండదు.

దించడం అరపూట పని. మూడుకాళ్ల స్టాండు, చెయిన్ పుల్లీ, ఇరవై అడుగుల ఇనప పైపులు ముప్పై. ఒక్కొక్క పైపు బిగిస్తూ కేబులు కట్టుకుంటూ వదులుతారు. పలకమీది ‘హెడ్’ అన్న మాటకు అర్థం ఆ ముప్పై పైపులే. ఆరువందల అడుగుల నుంచి వెయ్యి లీటర్లు మీదికి తేవడానికి, ఎక్కడా నష్టం లేదనుకున్నా అర యూనిటు కరెంటు కావాలి. పంపులో, మోటారులో పోయేది కలిపితే యూనిటు దాటుతుంది. నలభై అడుగుల కపిలబావి నుంచి అవే వెయ్యి లీటర్లకు ఇందులో పదిహేనో వంతు చాలు. ఎడ్లు తిన్న మేతను ఎవరూ యూనిట్లలో లెక్కగట్టలేదు గనక పాతకాలం చవక అనిపిస్తుంది.

మోటార్లమీద ముదిగుబ్బలో లేని అభిప్రాయం లేదు. టీకొట్టు దగ్గర, వైండింగుషాపు బెంచీమీద, ధర్మవరం–పాకాల లైను రైలుకోసం ఎదురుచూసేచోట వినిపించే వాటిలో మొదటిది: పెద్ద మోటారైతే ఎక్కువ నీళ్లు. బోరుకు ఊరే శక్తి పగులు ఇస్తుంది, హెచ్‌పి ఇవ్వదు. ఒకటిన్నర ఇంచు ఊరే బోరులో పదిహేను హెచ్‌పి దించితే అరగంటలో ఉన్నది తోడేసి, ఆపైన గాలినీ నీటినీ కలిపి కక్కుతుంది. అయినా పక్కతోటవాడు పది దించాడని తెలిస్తే ఏడున్నరవాడికి నిద్ర పట్టదు. ఇద్దరి బోర్లూ ఒకే పగులుమీద ఉంటే ఆ నిద్రపట్టకపోవడం తప్పని కూడా అనలేం.

రెండోది కంపెనీ. “మోటారు ఏ కంపెనీదన్నా?” అన్న ప్రశ్న తర్వాతే కాలిపోయిన కారణం అడుగుతారు. రాగితీగా అల్యూమినియమా, ఐఎస్‌ఐ ఉందా, పేరు కోయంబత్తూరుదైనా బిగించింది ఎక్కడ అన్న విచారణలకు విలువ ఉంది. నాసిరకం తీగ మొదటి వేసవిలోనే బయటపడుతుంది. అయితే ఈ మోటారు మూడుసార్లు కాలింది. మూడుసార్లూ తప్పు తన తయారీలో లేదని దాని వాదం.

మొదటిసారి వోల్టేజీ. 415 ఉండాల్సినది 330కి పడితే తిప్పే బలం మూడింట రెండువంతులకు జారుతుంది, మీదున్న నీటి బరువు మాత్రం తగ్గదు. మోటారు అప్పుడు ఎక్కువ ఆంపులు లాగుతుంది. బోర్డులో ఓవర్‌లోడ్ రిలే ఉన్నది ఇందుకే. మాటిమాటికీ ఆగిపోతోందని విసిగి దాని ముల్లు చివరికి తిప్పేశారు. ఆ వారమే తీగ తొడుగు కరిగింది.

రెండోసారి పైన ఒక ఫీజు పోయి రెండు ఫేజులే మిగిలాయి. తిరుగుతూ ఉన్న మోటారు ఆగదు, మిగిలిన రెండిటిమీదే మూడింటి బరువూ మోస్తూ ఉడికిపోతుంది. ఆ రోజు తోటలో ఎవరూ లేరు. ఆటోమేటిక్ స్టార్టరు మాత్రం ఉంది.

ఈ ఆటోమేటిక్ గురించి ఊరికీ కరెంటువాళ్లకూ ఎప్పుడూ తీరని తగువు. వ్యవసాయానికి త్రీఫేజు కొన్ని గంటలే వస్తుంది. 2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం పెట్టిన ఉచిత విద్యుత్తు ఏడు గంటలది, తర్వాత పగటిపూట తొమ్మిది గంటలన్నారు. రాత్రిపూట సరఫరా నడిచిన ఏళ్లలో ఒంటిగంటకు పాములూ తేళ్లూ ఉండే గట్టుమీద నడిచిపోయి బటన్ నొక్కాల్సి వచ్చేది. అలాంటప్పుడు కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే పెట్టె రైతుకు ప్రాణరక్షణ. లైన్‌మన్ చూసేది ఇంకోవైపు నుంచి. ఏ మోటారైనా మొదలయ్యే క్షణంలో మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్‌మీద ఉన్నవన్నీ ఒకే క్షణంలో లేస్తే పోయేది ట్రాన్స్‌ఫార్మరు. అది కాలితే అందరి పైరూ ఎండుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒక్కొక్క మోటారూ కొన్ని సెకన్ల తేడాతో లేచే ఆలస్యపు ఏర్పాటు ఆ పెట్టెల్లోనే ఉంటుంది. దాన్ని సున్నాకు పెట్టేవాళ్లే ఎక్కువ, పక్కవాడికంటే ముందు నీళ్లు అందాలి గదా.

కెపాసిటర్ కథ దీనికి తమ్ముడు. ఉచిత విద్యుత్తుతో పాటు కెపాసిటరు పెట్టుకోవాలన్న షరతు వచ్చింది. వేరే పని చేయకుండా తీగల్లో ఊరకే ఇటూ అటూ తిరిగే కరెంటును అది దగ్గర్లోనే సర్దుతుంది, లైనుమీద బరువు తగ్గి వోల్టేజీ కొంత నిలబడుతుంది. లాభం లైను మొత్తానిది గనక ఒక్కడు పెడితే ఆ ఒక్కడికి కనబడదు. అందరూ పెట్టాలి, అందరూ పక్కవాడు పెట్టాక చూద్దామనుకున్నారు. పెట్టినవాటిలో కొన్ని పాడై మోటారు కాలిందన్న పేరు కూడా మూటగట్టుకున్నాయి.

మీటరు అన్న మాట వస్తే అభిప్రాయాలు ఒక్కటవుతాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుమీద కాల్పులు జరిగాయి. అది ఇంకా గుర్తున్న తరం ఇది. ఈరోజు లెక్కకోసం అన్న మీటరు రేపు బిల్లుకోసం అవుతుందన్నది వాళ్ల అనుమానం. మోటారు దగ్గర మీటరు లేకపోవడం వల్ల ఏ బోరు ఎంత తోడిందో ఎవరికీ తెలియదు, బోరు యజమానితో సహా.

ఫోను స్టార్టరుకు మాత్రం ఎదురు మాట్లాడేవాళ్లు తక్కువ. బోర్డులో సిమ్ము వేసిన పెట్టె ఉంటుంది. కదిరి సంతలో నిలబడి ఫోను చేస్తే మోటారు నడుస్తుంది, ఫేజు పోయినా బోరు ఎండినా మెసేజి వస్తుంది. ఇందులో ఉన్న సుఖం తెలియాలంటే రాత్రి గట్టుమీద నడిచి ఉండాలి. ఊళ్లో ముసలివాళ్ల ఫిర్యాదు ఒకటే: తోటకు పోయే పని తప్పాక చెట్టును చూసే పనీ తప్పింది, చీనీ ఆకు పసుపు తిరిగిన సంగతి పెట్టె చెప్పదు.

డ్రిప్పు వచ్చాక మోటారు పని మారింది. రాష్ట్రంలో సూక్ష్మసేద్యం పథకం 2003లో మొదలైంది. కాలువలో పారిన నీళ్లతో ఎకరా తడిసేచోట బొట్టుబొట్టుగా అంతకుమించి తడిసింది. మిగిలిన నీళ్లు బోరులో ఉండిపోతాయని లెక్క వేశారు. తోటలో మరో రెండెకరాల చీనీ నాటారు. మోటారు నడిచే గంటలు అంతే మిగిలాయి.

మూడోసారి కాలడం నీళ్లు దిగడంవల్ల. వరస కరువేళ్లలో ఊట మట్టం జల్లెడ కిందికి పోయింది. పగులు మోటారుకు పైన ఉండటంతో సన్నగా జారిన నీళ్లు తిన్నగా జల్లెడలోకే పోయాయి గాని మోటారు ఒంటిని తాకలేదు. చల్లార్చే నీరు లేక అది తన వేడికి తానే ఉడికింది. పైనున్న బోర్డులో ఆంపుల ముల్లు మామూలుకంటే కిందికి పడి ఊగుతూ ఉండింది, అదే వట్టిబోరు గుర్తు. ఆ ఎండాకాలం చీనీచెట్లకు ట్యాంకర్లతో నీళ్లు పోశారు.

వైండింగుషాపులో ప్రతిసారీ జరిగేది ఒకటే. పాత తీగ కోసి తీసి కిలోలెక్కన తూస్తారు. కొత్త తీగను ఒక్కొక్క గాడిలోంచి చేత్తో లాగుతారు, చుట్లను నోటితో లెక్కపెడుతూ. ఒకరోజు నీళ్లలో నానబెట్టి మెగ్గరుతో తొడుగు చూస్తారు. కార్బన్ బేరింగు, బుష్‌లు మారుస్తారు. ఇసుకకు అరిగిన ఇంపెల్లర్లలో పదకొండు కొత్తవి వేశారు. మూడో మరమ్మతు తర్వాత కోయంబత్తూరునుంచి వచ్చినవాటిలో మిగిలినవి ఉక్కు గొట్టం, లోపలి రేకుల కట్ట, ఇరుసు, తొమ్మిది ఇంపెల్లర్లు, పలక.

ప్రస్తుతం మోటారు 680 అడుగుల దగ్గర ఉంది. నాలుగు పైపులు కలిపారు. పలకమీద హెడ్ ఇంకా 180 మీటర్లే.